ఇంటి గదిలో మంద్రధ్వని పెట్టెకు తగిన చోటు

హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము మొదలగు చోట్ల తరతరములుగా నెలకొన్న తెలుగు కుటుంబములలో, బిడ్డలకు మాతృభాష చేరు మార్గములలో పాట ముఖ్యమైనది. వీధిలో వేఱొక భాష వినబడుచున్నను, 1974లో కీర్తిశేషుడైన ఘంటసాల కంఠము నేటికిని ఇంటి గదిలో మ్రోగుచునే యున్నది. ఇటీవల పలువురి ఇండ్లలో చిన్న స్పీకర్లతోబాటు సబ్‌వూఫర్ అను మంద్రధ్వని పెట్టె యొకటి చేరినది. అది తగని చోట నున్నచో గదియంతయు ఉఱుముచుండును. పాటలోని మాట మాత్రము మసకబాఱును. ఈ దోషము తఱచుగా పెట్టెది కాదు, పాటది కాదు. పెట్టె నుంచిన చోటుది.

ఇందులకు కారణము తరంగముల పొడవు. సుమారు 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల గాలిలో శబ్దము సెకండునకు దాదాపు 1,145 అడుగులు పోవును. నాలుగు తీగెల బాస్ గిటారులో అన్నిటికంటె క్రింది తీగె సెకండునకు సుమారు 41 మార్లు, అనగా 41 హెర్ట్జ్ చొప్పున కంపించును. ఆ ధ్వనితరంగము పొడవు 28 అడుగులు. 14 అడుగుల వెడల్పు గల గదిలో ఆ తరంగము సగమే యిముడును. ఎదురెదురు గోడలకు తగిలి మరలివచ్చు తరంగములు ఒకదానితో నొకటి కలిసి స్థిరతరంగమై నిలుచును. అప్పుడు ఆ ధ్వని గోడల యొద్ద మిక్కిలి బిగ్గరగాను, వాని నట్టనడుమ వినీవినబడనట్లును ఉండును.

ప్రతి గదికిని ఇట్టి స్వరములు కొన్ని కలవు. ధ్వనివేగమును గది కొలతకు రెట్టింపుచేత భాగించినచో వానిలో మొదటివి తెలియును. 18 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో అవి క్రమముగా 32, 41, 57 హెర్ట్జ్. ఈ స్వరములు వచ్చినప్పుడు గది తానును పలుకును. వాద్యము ఆగినను ఆ మ్రోత వెంటనే ఆఱదు. బిగ్గరయైన మంద్రధ్వని తనకంటె పైనున్న ధ్వనులను చెవికి మఱుగుపఱచును. గాయకుని మాట తెలియకపోవుటకు ఇది యొక హేతువు.

పెట్టెను గది మూల నుంచుట వాడుక. అచ్చట చోటు కలిసివచ్చును, మ్రోతయు హెచ్చును. కాని మూలలో నున్న పెట్టె గదిలోని ఈ స్వరములనన్నిటిని ఒక్కమాఱే మేలుకొల్పును. హెచ్చు మ్రోత మేలైన మ్రోత యని భ్రమించుట ఇచ్చటనే కలుగును.

మేలైన చోటు కనుగొనుటకు సులభోపాయ మొకటి కలదు. ధ్వని పుట్టు చోటును, వినుచోటును తారుమారు చేసినను, ఒకచోట పుట్టిన ధ్వని రెండవచోట వినబడు బలము మాఱదని జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1860లో నిరూపించెను. కావున పెట్టెనే వినువారి ఆసనముపై నుంచవలెను. మంద్రస్వరములు మెట్టుమెట్టుగా దిగునట్టి సంగీతమును మరల మరల మ్రోయింపవలెను. పిదప మోకాళ్లపై ప్రాకుచు, తలను నేలకు చేరువగా నుంచి, గోడల వెంబడి వినుచు పోవలెను. వెదకవలసినది మిక్కిలి బిగ్గరగా వినబడు చోటు కాదు. అన్ని స్వరములును సమముగా వినబడు చోటు. అచ్చట సుద్దతో గుర్తుపెట్టి, పెట్టెను అచ్చటికి మార్చి, ఆసనమున కూర్చుండి సరిచూచుకొనవలెను.

స్థానము కుదిరిన పిమ్మట, చిన్న స్పీకర్లు విడిచిన స్వరములను మాత్రమే పెట్టె అందుకొనునట్లు దాని మరను సుమారు 80 హెర్ట్జ్ వద్ద నిలుపుట సాధారణము. పెట్టె వెనుక 0, 180 అని గుర్తులు గల మీట యున్నచో, రెండు విధముల విని, మంద్రము నిండుగా నున్న వైపునకు త్రిప్పవలెను. గోడకు తెర వ్రేలాడదీసినను, నేలపై చాప పఱచినను ఇంతటి మంద్రధ్వని అణగదు. పలువురు కూడి వినునట్టి సమాజ మందిరములలో, ఎదురెదురు గోడల నడుమ ఒక్కొక్కటిగా రెండు పెట్టెల నుంచుట మేలు. ఆ గోడల మధ్య నిలుచు మొదటి స్థిరతరంగమును ఒక పెట్టె ఎత్తుచుండగా రెండవది అణచును.

తుదిపరీక్షకు యంత్ర మక్కఱలేదు. ఇంటి బిడ్డ ఎన్నడును వినని తెలుగు పాట యొకటి మ్రోయించి, మొదటి చరణములోని మాటలు చెప్పుమనవలెను. మంద్రము నిండుగ నుండియు బిడ్డ మాట తప్పక చెప్పగలిగినచో, పెట్టె తన చోటు చేరినట్లే.