మణిశర్మ: పోస్టర్‌పై పేరు లేని కీబోర్డ్ ప్లేయర్.. ‘మెలోడీ బ్రహ్మ’ ఎలా అయ్యారు?

పెళ్లి ఆర్కెస్ట్రా అయినా, చర్చిలో పాటలైనా.. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఇప్పుడు కీబోర్డ్ లేకుండా ప్రోగ్రామ్ నడవడం కష్టమే. పాడినవాళ్లు అందరికీ గుర్తుంటారు. వెనక కూర్చుని వాయించిన కుర్రాడి పేరు మాత్రం ఎవరూ అడగరు. కానీ మన సినిమా పాటను మార్చిన కొందరు ఆ వెనక సీటు నుంచే వచ్చారు. వారిలో ఒకరు మణిశర్మ.

కీబోర్డ్ ప్లేయర్ పనేంటి?

ఒకప్పుడు వయోలిన్, ఫ్లూట్, తబలా వాళ్లంతా స్టూడియోలో కలిసి వాయిస్తేనే పాట రికార్డయ్యేది. సింథసైజర్లు, రిథమ్ మెషీన్లు వచ్చాక లెక్క మారింది. డ్రమ్స్, బేస్, స్ట్రింగ్స్.. అన్నీ ఒక్కరే ప్రోగ్రామ్ చేసే వీలొచ్చింది. ట్యూన్ మ్యూజిక్ డైరెక్టర్‌దే. అది మన చెవికి ఎలా వినిపించాలన్న దాంట్లో మాత్రం ప్రోగ్రామర్ చెయ్యి చాలానే ఉంటుంది. ‘రోజా’ (1992)కు ముందు ఏఆర్ రెహమాన్ కూడా రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించినవారే.

తొలి సినిమాకు ఐదేళ్లు

మణిశర్మ పుట్టింది మచిలీపట్నంలో. తండ్రి వయోలిన్ విద్వాంసుడు. కీరవాణి, రాజ్-కోటి పాటలకు కీబోర్డ్ వాయిస్తూ పని నేర్చుకున్నారు. రామ్‌గోపాల్ వర్మ హారర్ సినిమా ‘రాత్రి’ (1992)కి నేపథ్య సంగీతం ఇచ్చారు. అయినా పూర్తి స్థాయి మ్యూజిక్ డైరెక్టర్‌గా ‘సూపర్ హీరోస్’ వచ్చింది 1997లోనే. మరుసటి ఏడాది చిరంజీవి ‘బావగారూ బాగున్నారా’, ‘చూడాలని ఉంది’తో ఆయన పేరు మార్మోగింది. ఆ తర్వాత ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఒక్కడు’ (2003), ‘పోకిరి’ (2006).. లిస్ట్ పెద్దదే. పాటలే కాదు, హీరో ఎంట్రీకి, ఫైట్‌కి వచ్చే బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ కూడా ఆయన బలం. 2019లో ‘ఇస్మార్ట్ శంకర్’తో కొత్త తరానికీ దగ్గరయ్యారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవారు

హారిస్ జయరాజ్, తమన్ ఇద్దరూ సొంతంగా సినిమాలు చేయకముందు మణిశర్మ దగ్గర పనిచేసినవారే. ‘అల వైకుంఠపురములో’ పాటలకు తమన్ జాతీయ అవార్డు కూడా అందుకున్నారు.

ఇప్పుడు ఫోన్‌లోనే బీట్ చేసుకునే యాప్‌లున్నాయి. మిషన్ కొరత తీరింది. కానీ మణిశర్మ కెరీర్ చూస్తే అసలు పెట్టుబడి వేరే ఉందని అర్థమవుతుంది. సొంత ట్యూన్ వినిపించే ముందు, ఏళ్ల తరబడి వేరేవాళ్ల ట్యూన్‌కి ప్రాణం పోయడమే ఆ పెట్టుబడి.