కోడిపందెము యుద్ధమునకు కారణమా?

పల్నాటి యుద్ధమునకు కారణమేమని పరీక్షలో అడిగినచో మన విద్యార్థులలో పలువురు "కోడిపందెము" అని వ్రాసి ఊరకుందురు. నాయకురాలు నాగమ్మతో వేసిన పందెములో బ్రహ్మనాయుని పక్షమోడి, మాచర్లవారు రాజ్యము విడిచి ఏడేండ్లు వలసపోయిరని వీరగాథ చెప్పుచున్నది. ఈ సమాధానము ఎంతవరకు సరియైనదో గణితములో మనకు పరిచితములైన రెండు మాటలతో పరిశీలింతము.

ఒకటి లేనిదే రెండవది జరుగనిచో మొదటిది ఆవశ్యక నియమము. ఒకటి ఉన్నంతనే రెండవది జరిగి తీరినచో అది పర్యాప్త నియమము. వరిపైరుకు నీరు ఆవశ్యకము. నీరొక్కటే పర్యాప్తము కాదు.

సంక్రాంతికి కోస్తా జిల్లాలలో ఎన్ని పందెములు జరుగుట లేదు! ఓడినవాడు గొణుగుకొనుచు ఇల్లు చేరును గాని సైన్యమును పిలువడు. కావున పందెము పర్యాప్తము కాదు. కురుక్షేత్రమునకు ముందు జరిగినది పాచికలాట. అందు కోడి లేదు. కావున దాయాదుల పోరుకు పందెము ఆవశ్యకమును కాదు.

అయినచో దానికి యుద్ధముతో సంబంధమే లేదా? ఉన్నది. గురజాల, మాచర్లలుగా చీలిన రాజ్యము, మంత్రుల స్పర్ధ, గడువు తీరినపిదప రాజ్యమడుగ వచ్చిన రాయబారి అలరాజు హత్య, వీటితో చేరినప్పుడే పందెమునకు బలము. ఆ కూటమి అంతయు కలిసి కారెంపూడి రణరంగమునకు చాలినది. పందెము తనంత చాలదు. ఆ కూటమిలో అది లేక తీరదు. కూటమి చాలును గాని, యుద్ధమునకు అదొక్కటే దారి కాదు. వాడుకలో మనము కారణమనునది తరచుగా ఇట్టి భాగమేనని తత్త్వవేత్త జె. ఎల్. మాకీ 1965లో వివరించెను.

పాతకథతో వచ్చిన చిక్కు స్వల్పము. నేటి గ్రామములను పరిశోధించునప్పుడు ఇదే పొరపాటు మనుష్యులకు తగులును. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిరి. "కాలువ వచ్చిన ఊరు బాగుపడును" అను మాటను ఒక విద్యార్థి పరీక్షింపదలచి, బాగుపడిన పది ఊళ్లు తిరిగి, పదింటను కాలువనీరు చూచెననుకొందము. అతడు ఋజువు చేసినదేమి? కాలువ ఆవశ్యకము కావచ్చునని మాత్రమే. అదియు, బోరుబావులతో బాగుపడిన ఊరొక్కటి కనబడినంతనే వీగిపోవును. పర్యాప్తతను గూర్చి ఆ పది ఊళ్లు ఏమియు చెప్పవు. అందుకు కాలువ పారు ఊళ్లన్నిటిని, బాగుపడని వాటితో సహా, చూడవలెను.

ఈ రెండవ పని మానినవాడు కాలువ పర్యాప్తమని నమ్మి, చివరిభూముల రైతు పేదరికమునకు సోమరితనమే హేతువని సులువుగా తేల్చివేయును. ఆ రైతు పొలమునకు నీరు ఏ నెలలో వచ్చినదో, అసలు వచ్చినదో లేదో అతని పట్టికలో గడియే ఉండదు.