కాపలా లేని ఆకాశం.. కంటిచూపే ఆధారం!

విమానం ఎగిరింది మొదలు దిగేవరకు నేలపై నుంచి ఎవరో ఒకరు దానిని కనిపెట్టుకుని ఉంటారని చాలామంది నమ్మకం. పెద్ద విమానాశ్రయాల నడుమ తిరిగే ప్రయాణికుల విమానాల విషయంలో అది చాలావరకు నిజమే. అయితే ఆకాశమంతా అలా ఉండదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ గగనతలాన్ని ‘ఎ’ నుంచి ‘జి’ వరకు ఏడు తరగతులుగా విభజించింది. చివరిదైన ‘జి’లో విమానాల మధ్య దూరం పాటింపజేసే కంట్రోలర్ ఉండరు. సమాచారం మాత్రమే అందుతుంది. ఢీకొనకుండా చూసుకునే బాధ్యత పైలట్లదే. ఒకప్పటి కాపలా లేని రైలు గేటు వంటిదే ఇది. కాకపోతే గేటు వద్ద బండి ఆపి అటూఇటూ చూడవచ్చు. గాలిలో ఆగడం కుదరదు.

కుడివైపే తప్పుకోవాలి

ఇందుకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. చాలా దేశాల్లో కంటిచూపుపై ఆధారపడి తూర్పు దిశగా సాగే విమానాలు 3,500, 5,500 అడుగుల వంటి ఎత్తుల్లో, పడమటి దిశగా సాగేవి 4,500, 6,500 అడుగుల వంటి ఎత్తుల్లో ఎగరాలి. ఎదురెదురైతే రెండూ కుడివైపుకే తిరగాలి. రోడ్డుపై ఎడమకు అలవాటుపడిన మనకు ఇది వింతగా తోచవచ్చు. చిన్న విమానాశ్రయాల వద్ద పైలట్లు తామెక్కడ ఉన్నదీ, ఎటు వెళ్తున్నదీ ఉమ్మడి రేడియో తరంగంపై ప్రకటిస్తారు.

చిక్కంతా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే. అక్కడ ఎత్తుల నియమం అక్కరకు రాదు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు విమానాల మధ్య దూరం సెకనుకు 111 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. 3 కిలోమీటర్ల దూరంలో చుక్కలా కనిపించినా మిగిలేది 27 సెకన్లే. చూసి, గుర్తించి, విమానాన్ని మళ్లించడానికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ లెక్క. పైగా ఢీకొనే దారిలో వస్తున్న విమానం అద్దంలో అటూఇటూ కదలదు. కదలని చుక్కను కన్ను ఇట్టే పట్టుకోలేదు.

మాట చేరినా..

1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ మీద, నియంత్రణ లేని గగనతలంలో రెండు ప్రయాణికుల విమానాలు 21,000 అడుగుల ఎత్తున ఢీకొని 128 మంది మరణించారు. పెద్ద విమానాలను నియంత్రిత గగనతలంలోకి తెచ్చే సంస్కరణలకు ఆ దుర్ఘటనే ఊతమిచ్చింది. చిన్న విమానాలకు మాత్రం ముప్పు తొలగలేదు.

2020 ఫిబ్రవరి 19న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మంగళూర్ అనే చిన్న విమానాశ్రయం సమీపాన (మన మంగళూరు కాదు) రెండు శిక్షణ విమానాలు ఢీకొన్నాయి. ఒకటి పైకెక్కుతోంది. మరొకటి కిందికి దిగుతోంది. నలుగురు మరణించారు. ఎదుటి విమానం సంగతి కంట్రోలర్ ఇద్దరు పైలట్లకూ చెప్పారు. కానీ ‘జి’ తరగతిలో చెప్పడం వరకే ఆయన పని. తప్పించుకునే ఉపాయం పైలట్లే మాట్లాడుకుని తేల్చుకోవాలి. అలా నేరుగా మాట్లాడుకోలేదని, ముప్పును గుర్తించకపోవడమే బహుశా కారణమని దర్యాప్తు సంస్థ 2022లో తేల్చింది. ఆ వేళ మబ్బులు కమ్మి ఉన్నాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నా సకాలంలో ఒకరినొకరు చూసి ఉండేవారు కారనీ పేర్కొంది.

చుట్టుపక్కల విమానాలను తెరపై చూపే ఏడీఎస్-బీ ఇన్ పరికరం ఉంటే ముప్పు ముందే తెలిసేదని ఆ నివేదిక చెప్పింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఏడీఎస్-బీ పరికరాల కొనుగోలుకు రాయితీ ప్రకటించింది. అయితే తమ స్థానాన్ని ప్రసారం చేసే పరికరం లేని విమానాలు నేరుగా ఆ తెరపై కనిపించవు. వాటి కోసం పైలట్ అద్దంలోంచి చూడక తప్పదు.