భారీ ఎల్‌ఇడి మాత్రికపై తెలుగు ప్రదర్శన: కాలం, మెమరీ, లిపి

ఉపోద్ఘాతం

బస్సు ప్రాంగణాల్లోను, కార్యాలయాల ముంగిళ్లలోను వెలిగే అక్షర పలకలు మనకు సుపరిచితాలు. వాటిపై ఆంగ్ల పదం స్పష్టంగా కనిపించినా, తెలుగు పదానికి వత్తు తెగిపోవడం, గుడి హల్లు నుండి విడిపోవడం జరుగుతుంటుంది. ఇటువంటి లోపానికి దీపాల నాణ్యత కన్న వాటిని నడిపే ప్రోగ్రాం రూపకల్పనే తరచు కారణమవుతుంది. భారీ ఎల్‌ఇడి మాత్రికను మైక్రోకంట్రోలర్ నడిపే తీరును, అందులో తెలుగు లిపికి కల్పించవలసిన స్థానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

వంతులవారీ వెలుగు

128 నిలువు వరుసలు, 64 అడ్డు వరుసలు గల మాత్రికను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో 8,192 బిందువులు ఉంటాయి. ఒక్కొక్క బిందువుకు ఒక్కొక్క తీగను మైక్రోకంట్రోలర్ నుండి తీసుకురావడం సాధ్యం కాదు. కాబట్టి హబ్-75 రకానికి చెందిన 64×32 పలకలను నాలుగింటిని గొలుసుగా కలుపుతారు. 1/16 స్కాన్ పలకలో పై సగం నుండి ఒకటి, కింది సగం నుండి ఒకటి చొప్పున రెండు అడ్డు వరుసలు ఒకేసారి వెలుగుతాయి. పదహారు వంతుల్లో చిత్రం పూర్తవుతుంది. ఈ ఆవృత్తి సెకనుకు 100 సార్లు జరిగితే సాధారణంగా కంటికి నిలకడైన చిత్రమే కనిపిస్తుంది. అయితే ఏ వరుస అయినా గరిష్ఠంగా పదహారో వంతు కాలమే వెలుగుతుంది గనుక ప్రకాశం ఆ మేరకు తగ్గుతుంది.

ప్రతి వంతులోను పాటించవలసిన క్రమం ఒకటుంది. ముందున్న వరుస వెలుగుతుండగానే తరువాతి వరుస సమాచారాన్ని షిఫ్ట్ రిజిస్టర్లలోకి పంపాలి. పిదప వెలుగును ఆపి, లాచ్ సంకేతమిచ్చి, వరుస చిరునామా మార్చి, తిరిగి వెలిగించాలి. వెలుగును ఆపకుండా చిరునామా మార్చినట్లయితే ఒక వరుస బొమ్మ పక్క వరుసలో నీడగా పడుతుంది.

కాలం లెక్క

నాలుగు పలకల గొలుసులో ఒక వంతుకు 256 క్లాక్ స్పందనలు అవసరం. పదహారు వంతులకు 4,096. సెకనుకు 100 ఆవృత్తులైతే 4,09,600. ఆర్డుయినో ఊనోలోని ఎట్‌మెగా328పి వేగం 16 మెగాహెర్ట్జ్. అంటే ఒక స్పందనకు దాదాపు 39 చక్రాల వ్యవధి మాత్రమే లభిస్తుంది. విద్యార్థులు మొదట నేర్చుకునే డిజిటల్‌రైట్ ఆదేశం ఒక్కటే కొన్ని మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఒక మైక్రోసెకను అంటే ఇక్కడ 16 చక్రాలు. కాబట్టి ఏకవర్ణ ప్రదర్శనకు సైతం ఆ ఆదేశం చాలదు. పోర్టు రిజిస్టరులోకి నేరుగా రాయాలి. వంతుల మార్పును 625 మైక్రోసెకన్లకొకసారి వచ్చే టైమర్ ఇంటరప్ట్‌కు అప్పగించాలి.

ఒక్కొక్క వర్ణానికి 8 బిట్ల ఛాయలు కావాలంటే, 1, 2, 4 నుండి 128 వరకు గల కాల నిష్పత్తుల్లో ఎనిమిది బిట్ తలాలను వెలిగించాలి. అప్పుడు సెకనుకు 32,76,800 స్పందనలు కావాలి. ఒక్కొక్కదానికి ఐదు చక్రాలైనా మిగలవు. ఇక్కడ ఊనో పనికిరాదు. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా సమాచారాన్ని తరలించే డిఎంఎ గల ఇఎస్‌పి32, లేదా పిఐఒ విభాగం గల ఆర్‌పి2040 వంటివి అవసరమవుతాయి.

మెమరీ లెక్క

ఏకవర్ణ చిత్రానికి 1,024 బైట్లు చాలు. కాని చిత్రం మారేటప్పుడు సగం పాతది, సగం కొత్తది కనిపించకుండా ఉండాలంటే రెండు బఫర్లు కావాలి. ఆ రెండూ కలిసి ఊనోలోని 2 కిలోబైట్ల ర్యామ్‌ను పూర్తిగా ఆక్రమిస్తాయి. ఇతర చరరాశులకు చోటుండదు. 24 బిట్ల వర్ణచిత్రానికైతే ఒక్క బఫరుకే 24,576 బైట్లు కావాలి.

లిపి సమస్య

ఆంగ్లంలో ఒక సంకేతానికి ఒక బొమ్మ అనే పట్టిక సరిపోతుంది. తెలుగులో ఈ పద్ధతి చెల్లదు. ‘శ్రీకాకుళం’ అనే పదంలో యూనికోడ్ సంకేతాలు పది. యుటిఎఫ్-8లో అవి 30 బైట్లు. కంటికి కనిపించే అక్షరాలు నాలుగే. ‘శ్రీ’ ఒక్కదానిలోనే శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం కలిసి ఉన్నాయి. వీటిని వరుసగా పేర్చితే అక్షరం విచ్ఛిన్నమవుతుంది. నిలువునా కూడా ఇబ్బంది ఉంది. ‘రాష్ట్రం’లోని రెండు వత్తులకు, ‘శ్రీ’లోని గుడికి, వాటి మధ్య తలకట్టుకు 16 అడ్డు వరుసల్లో చోటు ఇరుకవుతుంది. అందువల్ల తెలుగు పంక్తికి 32 వరుసలు కేటాయించడం మేలు.

అక్షర సంయోజనకు హార్ఫ్‌బజ్ వంటి ఉపకరణాలు ఉన్నాయి. వాటిని చిన్న మైక్రోకంట్రోలర్‌లో ఇరికించే బదులు, కంప్యూటరులోనే పదాన్ని సంయోజించి, బిందుచిత్రంగా మార్చి పంపడం ఉచితం. 128×32 పంక్తికి 512 బైట్లే అవుతాయి కాబట్టి, తరచు వాడే ఊళ్ల పేర్లను ఫ్లాష్ మెమరీలో ముందే భద్రపరచవచ్చు. అయితే చిత్రాన్ని యాంత్రికంగా కుదించిన చోట తలకట్లు, వత్తులు అతుక్కుపోతాయి. అటువంటి బిందువులను చేతితో సవరించక తప్పదు.

ముగింపు

వరుసలను వేళకు వెలిగించడం కాలానికి సంబంధించిన పని. అక్షరాన్ని కూర్చడం భాషకు సంబంధించిన పని. మొదటిది మైక్రోకంట్రోలర్‌కు, రెండవది కంప్యూటరుకు అప్పగించినప్పుడు చిన్న పరికరంతో కూడా స్పష్టమైన తెలుగు సాధ్యమవుతుంది. పరికరాన్ని కొన్న తరువాత తెలుగును అందులో ఇమిడ్చే ప్రయత్నం కన్న, వరుసల సంఖ్యను, మెమరీని తెలుగు అక్షర స్వరూపాన్ని బట్టి ముందుగా నిర్ణయించుకోవడం సరైన పద్ధతి. కళాశాలల ప్రాజెక్టులలో ఈ లెక్కలను తొలి అభ్యాసంగా చేయిస్తే, వత్తు తెగిన పలకలు క్రమంగా తగ్గుతాయని ఆశించవచ్చు.