ప్రతికి ప్రతి

తాటాకు గ్రంథముల కాలమున పుస్తకము బ్రతుకుటకు ఒక్కటే మార్గముండెను: ఆకు శిథిలము కాకమునుపే మరియొక ఆకుపైకి ఎక్కుట. వ్రాయసకాడు మాతృకను ముందుంచుకొని గంటముతో అక్షరమక్షరము దించుకొనెడివాడు. దించుకొనునప్పుడు ఒక పాదము జారిపోయెడిది, ఒక అక్షరము మారెడిది. చూచినట్లే వ్రాసితిని, తప్పు నాది కాదని తుదను ఒక మాట చేర్చి అతడు చేతులు కడిగికొనెడివాడు. ఆ ప్రతినుండి మరియొక ప్రతి పుట్టినప్పుడు మొదటి తప్పు నిలిచి, దానిపై రెండవది చేరెడిది. బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు సేకరించి, పండితులచేత సరిపోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయింపవలసి వచ్చినది ఇందువలననే.

ధ్వని విషయమునను చాలకాలము ఇదే స్థితి. గ్రామఫోను రికార్డు మొదలు అయస్కాంతపు టేపు వరకు ధ్వనిని నిలుపుటకు ఏర్పడిన సాధనములన్నియు ధ్వనితరంగమును పోలిన వేరొక రూపమును ఏదో ఒక పదార్థముపై గీయునవే. గాడి వంకరయే స్వరము వంకర. అయస్కాంతబలపు హెచ్చుతగ్గులే గొంతు హెచ్చుతగ్గులు. కనుక ఆ పదార్థమునకు గల దోషములన్నియు ధ్వనిలో కలిసిపోవును. 1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టును తెచ్చినది. అది మన దేశమున వ్యాపించిన తరువాత కచేరీలను ఒకరి నుండి ఒకరు దించుకొనుట రసికుల ఇండ్లలో వాడుక అయ్యెను. మొదటి ప్రతి బాగుండును. దానికి ప్రతి కొంత మసకబారును. నాలుగవ చేతికి వచ్చుసరికి తంబుర శ్రుతి ఏదో టేపు బుస ఏదో తెలియదు. ఈ నష్టమునకు శ్రోతలు వాపోయిరి గాని, రికార్డులు అమ్ముకొను సంస్థలకు అదియే పైకి తెలియని కాపలా. కాసెట్టు ప్రతులను వారును నిందించుచుండిరి. అయినను ప్రతి మూలము కంటె తక్కువదిగా ఉన్నంతవరకు వారికి కొంత ఊరట ఉండెను.

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థల కృషి ఫలితముగా వెలువడిన కాంపాక్టు డిస్కు ఈ కాపలాను తీసివేసినది. ఇందులో తరంగపు బొమ్మ లేదు. దాని కొలతలు మాత్రమే ఉన్నవి. సెకనునకు 44,100 పర్యాయములు తరంగము ఎత్తును కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒక మెట్టుగా నిర్ణయించి, ఆ మెట్టు సంఖ్యను సున్నలు ఒకట్లుగా వ్రాయుదురు. ఒక్కొక్క సున్న గాని ఒకటి గాని ఒక బిట్టు. ఎడమ చెవికి, కుడి చెవికి ఈ లెక్క వేరువేరుగా సాగును గనుక ఒక సెకను సంగీతమునకు 14,11,200 బిట్టులు పట్టును. ఇక ప్రతి తీయుట యనగా ధ్వనిని దించుట కాదు, అంకెలను దించుట. ఏడవ అంకెను ఎంత గజిబిజిగా వ్రాసినను, అది ఏడని పోల్చుకొన్నవాడు తన కాగితముపై శుభ్రముగా ఏడు వేసికొనగలడు. మొదటి కాగితపు మరక రెండవదానికి రాదు. వందవ ప్రతియు మొదటిదానితో సమానమే.

ఇంత నమ్మకముగా చెప్పుటకు వెనుక ఒక గణితము కలదు. డిస్కుపై ధూళి పడును, గీతలు పడును, అంకెలు చెరిగిపోవును. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అను ఇరువురు అమెరికా గణితవేత్తలు ప్రకటించిన సంకేతపద్ధతి ననుసరించి, సంగీతపు అంకెలతోపాటు వానిని సరిచూచుటకు పనికివచ్చు అదనపు అంకెలను డిస్కుపై చేర్చుదురు. పైగా వరుసగా ఉండవలసిన అంకెలను చెదరగొట్టి దూరదూరముగా వ్రాయుదురు. ఒక గీత పడి ఒకచోటి అంకెలన్నియు పోయినను, అవి సంగీతమున ఒక్కచోటివి కావు. అక్కడొకటి ఇక్కడొకటిగా పోయినవానిని మిగిలినవాని సాయముతో గణించి మరల రాబట్టవచ్చును. దారి వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగినను ఈ లెక్క పూర్తిగా సరిదిద్దగలదు.

అంతకు మించిన గ్రంథపాతము ఏర్పడినచో? అప్పుడు యంత్రము ముందున్న అంకెను, వెనుకనున్న అంకెను చూచి, నడుమ ఏదియుండునో ఊహించి పూరించును. చెవికి ఈ అతుకు సాధారణముగా తెలియదు. కాని కావ్యపరిష్కరణ ఎరిగినవారు దీనిని వెంటనే గుర్తింతురు: ఇది ప్రక్షిప్తము. వినుటకు మేలైన ఈ ఉపాయమే ప్రతి తీయునప్పుడు చిక్కు తెచ్చును. ఇది చదివినది, ఇది ఊహించినది అను భేదము క్రొత్త డిస్కున మిగులదు. ఊహయే పాఠమై కూర్చుండును. డిజిటల్ ప్రతి మూలముతో అభిన్నమనుట మూల డిస్కు లోపము లేకుండ చదువబడినప్పుడు మాత్రమే నిజము.

1997లో ఫిలిప్స్ సంస్థ ఇండ్లలో వాడుకొనుటకు తగిన డిస్కు ముద్రణ యంత్రమును అమ్మకమునకు తెచ్చినది. తరువాత రెండు అరల యంత్రములును వచ్చినవి: ఒక అరలో మూల డిస్కు, రెండవదానిలో ఖాళీ డిస్కు. ఒక్క అర గల యంత్రమునకు వేరొక ప్లేయరును కాంతిని మోయు తీగతో గాని రాగితీగతో గాని కలుపవలెను. ఖాళీ డిస్కులో ఒక రంగుపూత ఉండును. లేసరు కిరణపు వేడికి ఆ పూత చుక్కచుక్కగా మారి, అచ్చుడిస్కులోని గుంటలవలె కిరణమునకు కనబడును. పాటలన్నియు ఎక్కిన తరువాత యంత్రముచేత విషయసూచిక వ్రాయించి డిస్కును ముగింపవలెను. ఈ పని మరచినవారి డిస్కు ఇతర ప్లేయర్లలో పలుకదు. సూచిక లేని పుస్తకమును మనము ఎట్లో చదువుకొందుము గాని, సాధారణ ప్లేయరు సూచిక లేనిదే మొదటి పుటయైనను తెరువదు.

డిజిటల్ అన్నంత మాత్రమున నష్టము లేదనుకొనరాదు. 1992లో సోనీ సంస్థ తెచ్చిన మినీడిస్కు ఇందుకు నిదర్శనము. 64 మిల్లీమీటర్ల ఆ చిన్న బిళ్లపై 74 నిమిషముల వరకు సంగీతము పట్టించుటకై, చెవి గమనింపదని తోచిన అంశములను విడిచి అంకెలను సుమారు ఐదవవంతునకు కుదింతురు. కాంపాక్టు డిస్కు నుండి దించిననాడే కొంత పోవును. ఒక మినీడిస్కు నుండి మరియొకదానికి కాంతితీగ ద్వారా పంపినచో, కుదించినది విప్పబడి తిరిగి కుదింపబడును, మరికొంత పోవును. సంగ్రహమునకు సంగ్రహము వ్రాసినట్లుండును.

మూలముతో సమానమైన ప్రతి ఇంటింట పుట్టునన్న భయము ఈ రెండు యంత్రముల కంటెను ముందే పుట్టినది. 1987లో జపానులో డాట్ అను డిజిటల్ టేపు యంత్రము వెలువడగానే రికార్డు సంస్థలు ఎదురు తిరిగినవి. అమెరికాలోని సి.బి.ఎస్. సంస్థ ఒక ఉపాయము చెప్పినది: రికార్డు చేయునప్పుడే సంగీతము నుండి ఒక సన్నని స్వరపట్టీని కోసివేయవలెను, ఆ ఖాళీని కనుగొన్న యంత్రము ముద్రణ మానవలెను. 1988లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థ దానిని పరీక్షించి, అది సంగీతమును చెరచుననియు, దానిని తప్పించుకొనుటయు సాధ్యమేయనియు తేల్చినది. దొంగలు దూరుదురేమోనని మనమే గోడకు కన్నము వేసికొనుట వంటి ఈ ఆలోచన అంతటితో ఆగినది. 1989లో ఏథెన్సు నగరమున యంత్రనిర్మాతలును రికార్డు సంస్థలును కూడి రాజీ పడిరి: మూలమునుండి డిజిటల్ ప్రతి తీసికొనవచ్చును, ఆ ప్రతికి ప్రతి తీయరాదు. పాటలు వ్రాయువారు, స్వరకర్తలు ఇందుకు తృప్తి చెందలేదు. 1990లో గీతరచయిత శామీ కాన్ మొదలగువారు సోనీపై దావా వేసిరి. మరుసటి ఏట అది రాజీతో ముగిసినది. 1992 అక్టోబరు 28న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసిన శాసనము ఈ కట్టుబాటును యంత్రములకు విధిగా చేసి, దానితోపాటు సుంకమును విధించినది. యంత్రపు ధరలో నూటికి 2, ఖాళీ డిస్కు ధరలో నూటికి 3 చొప్పున వసూలగును. వచ్చిన సొమ్ములో మూడవ వంతు గీతకర్తలకు, వారి ప్రచురణకర్తలకు చెందును; మిగిలిన రెండు వంతులలో ఎక్కువ భాగము రికార్డు సంస్థలది, తక్కువ భాగము గాయకులది. ఇట్టి సుంకము క్రొత్తది కాదు. పశ్చిమ జర్మనీ 1965లోనే టేపు యంత్రములపై దీనిని విధించినది. మన దేశమున ఇట్టిది లేదు.

ఆ కట్టుబాటు యంత్రము లోపల పనిచేయు విధము మిగుల సరళము. తీగ వెంట సంగీతముతోపాటు 192 బిట్టుల వరుస ఒకటి మరల మరల ప్రయాణము చేయును. అందులో ఒక బిట్టు ఈ సంగీతమునకు హక్కుదారుడున్నాడా లేడా అని చెప్పును. కొన్ని బిట్టులు ఇది ఏ జాతి యంత్రము నుండి వచ్చుచున్నదో తెలుపును. ఇంకొకటి ఇది మూలమా, ప్రతియా అని పలుకును. మూలమని తెలిసినచో యంత్రము ముద్రించి, తాను ముద్రించినదానిపై ప్రతి యను గుర్తు వేయును. ప్రతియని తెలిసినచో ముద్రింపదు. డిస్కుపై ఈ గుర్తు వేయు తీరు వింతయైనది. ఒక సెకను సంగీతము డిస్కుపై 75 భాగములుగా ఉండును. అచ్చుడిస్కులో హక్కు గుర్తు మొదటినుండి తుదివరకు ఒకే తీరున నిలుచును. ఇంటి ప్రతిలో అది నాలుగు భాగములు ఒక విధముగను, తరువాతి నాలుగు భాగములు మరియొక విధముగను ఆగకుండ మినుకుమినుకుమనును. ఆ మినుకుచూపును చూచి తరువాతి యంత్రము ఇది ప్రతియని గ్రహించును. ఖాళీ డిస్కులకును కులభేదము కల్పించిరి. సంగీతమునకని సుంకము చెల్లించిన డిస్కులో ఒక గుర్తు పుట్టుకతోనే ఉండును; కంప్యూటరు కొరకు చేసిన చౌక డిస్కులో అది ఉండదు. ఇంటి యంత్రము రెండవదానిని నోటపెట్టదు. రెంటికిని గల భేదము ఆ గుర్తే గాని ధ్వనిగుణము కాదు.

గీతకర్తలకు కలిగిన భయము అబద్ధమని నేననను. వారి కూలి వారికి ముట్టవలెను. కాని ఆ బిట్టునకు మనుష్యుల పేర్లు తెలియవు. ఒక గృహస్థు తన తల్లి పాడిన మంగళహారతులను మైకు పెట్టి డిస్కుపై ముద్రించినాడనుకొందము. ఆ పాటలపై ఏ సంస్థకును హక్కు లేదు. అయినను యంత్రము వానికి హక్కు గుర్తు వేయును. ఆ డిస్కునుండి చెల్లెలికొక ప్రతి తీసి యీయవచ్చును. చెల్లెలు తన కుమార్తెకు ఆ ప్రతినుండి ప్రతి తీయబోయినచో యంత్రము నిరాకరించును. అన్నగారి డిస్కు పగిలియున్నచో ఆ గొంతునకు ఇక సరియైన సంతతి లేదు. అంకెలను తిరిగి ధ్వనిగా మార్చి, ఆ ధ్వనిని మరల కొలిచి వ్రాసికొనుటయే ఆమెకు మిగిలిన దారి. అనగా పాత టేపుల పద్ధతియే. వృత్తిదారుల కొరకు చేసిన ఖరీదైన యంత్రములకు ఈ కట్టు లేదు. ఇంటివారికే ఉన్నది.

దీని బరువు ఆనాడు తెలియలేదు. రంగుపూత డిస్కులు ఎండకు, వేడికి తాళవు. ఏండ్లు గడచిన కొలది పూత వాడి, ముందుగా సరిదిద్దదగిన తప్పులు, తరువాత సరిదిద్దరాని తప్పులు తలయెత్తును. తాటాకువలెనే దీనికిని మరియొక ఆకుపైకి ఎక్కుటయే రక్ష. ఆ రక్ష రెండవ తరమున నిలిచిపోవునట్లు యంత్రమును నిర్మించిరి. నూరు తరముల ప్రతియైనను మూలముతో సమానముగా తీయగల సాధనము మనుష్యునికి తొలిసారి లభించినప్పుడు, ఇంటి యంత్రమునకు నేర్పినది తరువాతి తరమును కాదనుట!

ఈ అడ్డు చట్టము వలన తొలగలేదు. కంప్యూటరు వలన తొలగినది. ఆ గుర్తును కంప్యూటరు పట్టించుకొనదు. 1992 నాటి శాసనపు నిర్వచనమున కంప్యూటరు చేరదని, కంప్యూటరు నుండి పాటలు ఎక్కించుకొను చేతి యంత్రమును చేరదని 1999లో అమెరికా న్యాయస్థానమొకటి తీర్పు చెప్పినది. సుంకము చెల్లించి నియమము పాటించిన యంత్రములు మూలబడినవి. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము సొంత వినియోగమునకు ఇచ్చిన మినహాయింపు గీతమునకు, స్వరమునకు వర్తించెను గాని ధ్వనిముద్రణకు వర్తింపకుండెను. 2012 సవరణతో, న్యాయమైన మేరకు, దానికిని వర్తించినది. డాట్ యంత్రముల తయారీని సోనీ 2005లోను, మినీడిస్కు యంత్రములను 2013లోను ఆపినది. ఖాళీ మినీడిస్కుల తయారీయు 2025 ఫిబ్రవరితో ముగిసినది.

పెట్టెలలో అట్టి డిస్కులు గలవారు చేయదగిన పని ఇంకను కలదు. మినీడిస్కులున్నవారు 2006లో సోనీ తెచ్చిన ఎం.జెడ్.-ఆర్.హెచ్.1 అను చేతి యంత్రమును వెదకవలెను. ఇంట ముద్రించిన పాత మినీడిస్కులలోని అంకెలను అది నేరుగా కంప్యూటరునకు పంపగలదు. రంగుపూత డిస్కులకు కంప్యూటరులోని సాధారణ డిస్కుపెట్టె చాలును. ముందు డిస్కును మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తుడువవలెను. చుట్టును తుడువరాదు, గీత దారి వెంబడి పడినచో నష్టమెక్కువ. ఒక్కసారి చదివించి తృప్తి పడక రెండుసార్లు, వీలైనచో వేరువేరు పెట్టెలలో చదివించి, వచ్చిన అంకెలను ఒకదానితో నొకటి సరిచూడవలెను. రెండును కలిసినచోట పాఠము చాలవరకు నమ్మదగినది. కలియనిచోట యంత్రము ఊహించినదేమో అని అనుమానించి, నిదానమైన వేగమున మరల చదివింపవలెను. అప్పటికిని కలియనిచో, ఏ పాటలో ఏ నిమిషమున లోపమున్నదో ఒక కాగితముపై వ్రాసి ఆ ప్రతితోపాటు ఉంచవలెను.