గండి లేనిదే కోట లేదు
జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరంలోని గండికోటను ఒక్క రోజులో చూడవచ్చు. కానీ లోయ అంచున ఫొటో దిగి తిరిగొస్తే సగమే చూసినట్టు. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుపోయిన చోటే గండి. ఇక్కడి రాయి క్వార్ట్‌జైట్, వంద కోట్ల ఏళ్లు దాటినది. అంత గట్టి రాయి మెల్లగా అరగదు. పగుళ్ల వెంట దిమ్మెలుగా ఊడిపడుతుంది, అందుకే అంచులు గోడల్లా నిటారుగా మిగిలాయి. ఉత్తరాన శత్రువును ఆపింది ఆ నిట్టనిలువే. ఈ కోటను ఏలిన పెమ్మసాని నాయకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకోవడంలోని యుక్తి లోయలోకి తొంగిచూస్తేనే బోధపడుతుంది.

లోయ అందం చాలదా, కూలిన గోడల్లో ఏముందని అడిగేవారున్నారు. అందం చాలు, కాదనను. అయితే ప్రకృతి రక్షణ ఇచ్చింది గానీ తిండి ఇవ్వలేదు. ముట్టడి నెలల తరబడి సాగితే లోపలివారు ఏం తిని, ఏం తాగి బతకాలి? కమాను కప్పుల భారీ ధాన్యాగారం, కోటలోని చెరువు దానికి జవాబు. ఇంతటి దుర్గాన్నీ 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆయన్ను ఇక్కడే కలిశాడు. మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు మినార్లు నేటికీ నడిచిపోయేంత దూరంలోనే నిలిచున్నాయి. ఉదయం లోయ చూసినవారు ఎండ ముదరకముందే అటు నడవాలి.