చేతి వేళ్ల తిమ్మిరి – మణికట్టు నరం ఆపరేషన్: ఆరోగ్యశ్రీ లబ్ధిదారులు తెలుసుకోవలసినవి

రాత్రి నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? లేచి చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గుతోందా? బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు మొద్దుబారి, చిటికెన వేలు మాత్రం బాగానే ఉందా? అయితే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో చూపించుకోవాలి. డాక్టర్లు దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

మణికట్టులో ఎముకలకు, వాటి మీది గట్టి పట్టీకి మధ్య ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను ముడిచే 9 తాళ్లలాంటి నరాలు, స్పర్శ తెలియజేసే అసలు నరం ఒకటి, అన్నీ ఆ దారిలోనే పోతాయి. లోపల వాపు వస్తే ముందు నలిగేది ఆ అసలు నరమే.

ఎవరికి వస్తుంది?

గద్వాల, రాజోలి, అమరచింతలో మగ్గం మీద రోజంతా మణికట్టు ఆడించేవాళ్లకు రావచ్చు. అయిజ, మల్దకల్, గట్టు వైపు విత్తన పత్తిలో క్రాసింగ్ చేసేవాళ్లు మొగ్గ మొగ్గకూ వేళ్లతో గిల్లాలి కదా, వాళ్లకూ అంతే. వేరుశనగ కాయలు తెంపేవాళ్లు, టైలర్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. ఇది పని వల్లనే వస్తుందని మాత్రం అనుకోవద్దు. షుగర్, థైరాయిడ్, అధిక బరువు ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. గర్భిణులకు వచ్చింది చాలామందిలో కాన్పు తర్వాత తగ్గిపోతుంది.

చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కూడా ఉంటే అది వేరే సంగతి. కుష్ఠు పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం.

"పంట అయినాక చూద్దాం" అనొద్దు

మన దగ్గర ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పెళ్లిళ్ల సీజన్ చీరలు దిగాక, క్రాసింగ్ అయిపోయాక అని వాయిదా వేస్తూ బలానికి సూదులు వేయించుకుంటారు. ఆ సూది ఇరుకు దారిని వెడల్పు చేయదు. రెండు అరచేతులు పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట్లో ఉన్న కండ చూడండి. ఒకవైపు గుంట పడినట్టు ఉంటే, గ్లాసు చేతిలోంచి జారుతుంటే, నరం చాలాకాలంగా నలుగుతోందని అర్థం. ఆ దశలో ఆపరేషన్ చేసినా నొప్పి తగ్గుతుంది గానీ పోయిన కండ, పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

తొలి దశలో ఆపరేషన్ అక్కర్లేదు. మణికట్టు వంగకుండా రాత్రిపూట పట్టీ కట్టుకుని 6 వారాలు చూస్తారు, అవసరమైతే మణికట్టులో ఒక ఇంజెక్షన్ ఇస్తారు. తగ్గకపోతే నరం ఎంత దెబ్బతిందో చూసే పరీక్ష చేసి ఆపరేషన్ చెబుతారు.

ఆసుపత్రిలో చేరే ముందు

ఆరోగ్యశ్రీ మొదట 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. అయినా ఇప్పటికీ చాలామంది ముందు డబ్బు కట్టి, తర్వాత కార్డు తీస్తున్నారు. అలా చేయొద్దు. ఆహార భద్రత కార్డు, ఆధార్ పట్టుకుని మొదట ఆరోగ్యమిత్ర కౌంటర్‌కు వెళ్లండి. "ఈ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందా? అనుమతి వచ్చిందా?" అని అడగండి. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు పరిమితి ఉంది కాబట్టి అన్నీ అందులోనే వస్తాయనుకోవద్దు. జాబితాలో ఉన్న చికిత్సకే వర్తిస్తుంది. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి. జాబితాలో లేదంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరును కలవండి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి.

నేతన్న బీమా దీనికి పనికిరాదు. అది నేతకార్మికుడు చనిపోతే కుటుంబానికి ఇచ్చే 5 లక్షలు.

షుగర్ ఉంటే ముందే అదుపులో పెట్టుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఆపరేషన్, ఆ తర్వాత

చాలామందికి చేతి వరకే మత్తు ఇస్తారు. అరచేతిలో చిన్న కోత పెట్టి ఆ గట్టి పట్టీని తెగ్గోస్తారు. అరగంట లోపు పని, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. రెండు చేతులకూ ఉంటే చాలాసార్లు ఒకదాని తర్వాత ఒకటి చేస్తారు. రెండూ కట్లలో ఉంటే అన్నం కూడా తినలేం కదా.

మొదటి రెండు మూడు రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో దిండు మీద పెట్టుకోండి. వేళ్లు మాత్రం మొదటి రోజు నుంచే ముడుస్తూ చాపుతూ ఉండాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. కట్టు తడవనివ్వద్దు. పసుపు, ఆకు పసరు పుండు మీద పెట్టొద్దు. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. పుండు పూర్తిగా మానాక మచ్చ మీద కొబ్బరినూనెతో మెల్లగా రుద్దవచ్చు.

రాత్రి తిమ్మిరి చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. అరచేతి మొదట్లో నొక్కితే నొప్పి మాత్రం కొన్ని నెలలు ఉండొచ్చు, అది ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు. తేలిక పనులు రెండు మూడు వారాలకు మొదలుపెట్టొచ్చు. మగ్గం, పార, నీళ్ల బిందె లాంటి వాటికి 6 నుంచి 12 వారాలు పట్టవచ్చు. డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టండి, అదీ రోజుకు గంటతో. అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందే ఇంట్లో ఎవరు మగ్గం దగ్గర కూర్చుంటారు, ఎవరు కూలికి పోతారు అన్నది మాట్లాడుకోండి.

చీము, జ్వరం, పెరుగుతున్న ఎరుపు, వేళ్లు నీలంగా మారడం, మాత్ర వేసినా ఆగని నొప్పి ఉంటే రేపటి దాకా ఆగొద్దు, అదే ఆసుపత్రికి వెళ్లండి. ఆరోగ్యశ్రీలో చేయించుకుంటే డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు, 30 రోజుల లోపు ఆ ఆపరేషన్ వల్ల వచ్చే ఇబ్బందికి చికిత్స ప్యాకేజీలో భాగమే. డబ్బు అడిగితే డిశ్చార్జి కాగితం చూపించి ఆరోగ్యమిత్రతో మాట్లాడండి.